పొద్దుటి దణ్ణం

పరదేశులంతా రెండు వారాల్లో దేశం విడిచిపోవాలని రేడియోలో చెప్పారు. పద్నాలుగో రోజు పొద్దున్నే పోలీసులు కుమాసీ సంతను నాలుగు వైపులా మూసేశారు.

నా చేపల బల్ల పక్కనే అయొకా ఎనామిల్ గిన్నెల కొట్టు. ఆమె అమ్మానాన్నలు నైజీరియా నుంచి వచ్చిన యొరూబా తెగవాళ్ళు. ఇద్దరూ ఇక్కడే పోయారు, ఇక్కడి మట్టిలోనే ఉన్నారు. అయొకా పుట్టింది ఈ ఊళ్ళోనే. నైజీరియా ఎక్కడంటే తూర్పుకు చెయ్యి చూపిస్తుంది, అంతకు మించి తెలియదు. తెల్లవాళ్ళు జెండా దించిన నాడు నాతో కలిసి వీధుల్లో గంతులేసింది. పన్నెండేళ్ళు తిరిగేసరికి పరదేశి అయిపోయింది. ఇక్కడి మనిషినని చూపించే కాగితం ఒక్కటీ లేదు.

ముందురోజే ఆమెకు చెప్పాను, పోలీసులు అడిగితే నిన్ను నా చెల్లెలి కూతురని చెబుతానని. మా అశాంటీల్లో వంశం తల్లివైపు నుంచి వస్తుంది కాబట్టి చెల్లెలి కూతురంటే నా కూతురే. మాలో పుట్టిన వారాన్నిబట్టే పేరు, గురువారం పుట్టింది కనుక యా. యొరూబాలు చిన్నప్పుడే బుగ్గల మీద పెట్టించే గాట్లు కూడా లేవు. ఇక్కడే బతకాల్సిన పిల్లకి అవెందుకని తల్లి పెట్టించలేదు.

ఇన్‌స్పెక్టర్ మా వరసకొచ్చాడు. ఏ వారం పుట్టావు, ఏ వంశం, అమ్మమ్మది ఏ ఊరు అని గుచ్చి గుచ్చి అడిగాడు. అయొకా తడుముకోలేదు. మా భాష నాకంటే ఆమే బాగా మాట్లాడుతుంది. చివరికి అతను నవ్వుతూ, ఉడికిన దుంపలతో ఫూఫూ దంచేటప్పుడు రోట్లో ముద్దను ఎప్పుడు తిప్పాలో చెప్పమన్నాడు.

"రోకలి పైకి లేచినప్పుడు. మీ వేళ్ళు పదీ చక్కగా ఉన్నాయంటే, అయ్యగారు ఎప్పుడూ రోటి దగ్గర కూర్చోలేదన్నమాట."

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. అతనూ నవ్వి, ఇక్కడి మనిషేనని రాసిచ్చే చీటీ జేబులోంచి తీసి పేరు రాశాడు. ఇక సంతకం ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే పోలీసులు లారీల వైపు నడిపిస్తున్న పరదేశుల గుంపు మా వరసలోకి తిరిగింది. ముందు మూటతో మొరెనికే ముసలమ్మ. సంతలో యొరూబా ఆడవాళ్ళకు పెద్ద దిక్కు, తల్లి పోయాక అయొకాను పెంచిన మనిషి. ఆమె మమ్మల్ని చూసింది. ఇన్‌స్పెక్టర్ చేతిలో చీటీనీ చూసింది. తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని, మేమెవరో తెలియనట్టు అటు తిరిగిపోయింది.

కానీ అయొకా మోకాళ్ళు అప్పటికే నేలకు తగిలాయి.

పెద్దవాళ్ళు కనిపిస్తే మేం కాస్త ఒంగుతాం, అంతే. రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి దణ్ణం పెట్టేది యొరూబా ఆడపిల్లలే. సంతలో అది తెలియనివాళ్ళు లేరు.

"పూసలదండ తెగిందా? నెమ్మదిగా ఏరుకో," అన్నాను గబగబా.

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆపాడు. అతనికి అర్థమైంది. అయినా, దొరికితే త్వరగా లెమ్మని అయొకాతో మెల్లగా అన్నాడు. చీటీ ఇంకా అతని చేతిలోనే ఉంది.

అయొకా నేల వంక చూసింది. నా వంక చూసింది. తర్వాత తల వంచి, పొద్దుటి దణ్ణం మొదటి నుంచి చివరిదాకా యొరూబాలో చెప్పింది. దీవించకుండా ముందుకు కదలడం ముసలమ్మ వల్ల కాలేదు.

"లేవే పిచ్చిదానా. నేను నిన్ను చూడలేదుగా," అంది.

"నేను చూశాను కదా ఇయా."

ఇయా అంటే వాళ్ళ భాషలో అమ్మ.

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. "ఇప్పటికీ నీ కూతురేనంటావా?"

"నా కూతురే. పదిమంది ముందైనా చెబుతాను," అన్నాను.

అతను అయొకా వైపు చూశాడు. ఆమె లేచి ముసలమ్మ చేతిలోని మూట తీసి తన నెత్తిన పెట్టుకుంది. అతను చీటీని మడిచి జేబులో పెట్టుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయాడు.

లారీ దాకా వెనకే వెళ్ళాను. జనం మధ్యలో అయొకా ఎక్కడ కూర్చుందో కనిపించలేదు. లారీ కదులుతుంటే గొంతు చించుకుని మా భాషలో అరిచాను, "తొందరగా ఇంటికి వచ్చెయ్యి తల్లీ" అని.

తమనే పిలిచినట్టు లారీలో సగంమంది తలలు తిప్పి నా వైపు చూశారు.