ఎడమ పలక

మా ఆవిడా నేనూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని కుర్చీలు డిజైన్ చేస్తాం. ఈసారి కుర్చీని కంప్యూటర్లో గీసింది ఆవిడే. పాదాలు పెట్టుకునే పలకలు రెండు, ఎడమది అరంగుళం ఎత్తుగా ఉంది. నేను కిందికి లాగడం, అది మళ్లీ పైకెక్కి కూర్చోవడం. నాకు ఒళ్లు మండింది.

"దీన్ని దేనికి లింక్ చేసి చచ్చావే?"

"వెతుక్కోండి," అంది తలెత్తకుండా.

లింకులు పట్టుకుని వెళ్తే, దాచిపెట్టిన భాగం ఒకటి దొరికింది. చెత్త అనుకుని తీసేశాను. అంతే, కుర్చీ నిండా తప్పులు చూపించే ఎర్రగుర్తులు! నాలుక్కరుచుకుని దాన్ని వెనక్కి తెచ్చి, తెరిచి చూశాను. కూర్చున్న మనిషి బొమ్మ. లావు నడుము, ఎడమ కాలు అరంగుళం పొట్టి.

"ఎవడే వీడు?"

"బూటులో అట్టముక్క పెట్టుకుని, పెళ్లానికి తెలీదనుకుని తిరిగే పెద్దమనిషి. కుర్చీ ఆయనకే."

నా ఎడమ బూటు మెల్లిగా కుర్చీ కిందికి లాక్కున్నాను. బొమ్మ కాలి జోలికి పోకుండా, నడుము మాత్రం కాస్త తగ్గించాను. వెంటనే కుర్చీ చేతులు రెండూ లోపలికి జరిగాయి.

"ఇప్పుడు కూర్చోండి చూద్దాం," అంది.