చొక్కా మీది పాలపిట్ట

పన్నెండో మోడు తాటిచెట్టు దగ్గరికి వచ్చేసరికి రాజమల్లు మోకాళ్లు పట్టేశాయి. పాలపిట్టల్ని పట్టడానికి ఎవరైనా బంక పూసిన పుల్లలు పెట్టారేమోనని తెల్లవారినప్పటి నుంచి ములుగు దారి పక్క గట్ల వెంట వెతుకుతున్నాడు. దసరా నాడు పాలపిట్ట కంటబడితే ఏడాదంతా మేలని జనం నమ్మకం. ఆ నమ్మకాన్ని పంజరంలో పెట్టి హనుమకొండ వీధుల్లో తిప్పి బతికినవాడే అతనూ.

మూడేళ్ల కింద ఒక సిమెంటు కంపెనీ పాలపిట్టల సంరక్షణ తలకెత్తుకుని, పట్టేవాణ్నే కాపలా పెట్టింది. నెలకు తొమ్మిది వేలు. వీపున పాలపిట్ట బొమ్మ, దాని కింద పిట్టకంటె పెద్దగా కంపెనీ పేరు ఉన్న చొక్కా. అది తొడుక్కున్న మొదటి దసరాకే తమ్ముడు ఎల్లస్వామి పంజరంతో ఎదురుపడ్డాడు. రాజమల్లు అటవీ అధికారులకు అతని పేరు చెప్పాడు. తమ్ముడు నెలరోజులు జైల్లో ఉన్నాడు. అప్పటి నుంచి వాడలో అతన్ని పలకరించే దిక్కు లేదు. దసరా జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కడానికి తమ్ముడు మళ్లీ రాలేదు. భార్య పోయిన ఇంట్లో తన దగ్గు తనకే వినిపిస్తుంది.

జీపు ఆగింది. కంపెనీ ఉద్యోగి ఉదయ్ దిగాడు.

“రాజమల్లన్నా, పండుగ పూట గూడ డ్యూటీయేనా?” అంటూ రిబ్బన్లు కట్టిన కొత్త పంజరం కింద పెట్టాడు. “సాయంత్రం హనుమకొండల మీటింగు. మా పెద్దసారు వస్తాండు. ఒక్క పిట్ట గావాలె, జర పట్టియ్యి.”

“సారునే ఈడికి తోల్కరాండ్రి. పొద్దుగూకంగ వైరు మీద కూసుంటయి, సూపెడ్త.”

“ఆయనకు చేన్లల్ల తిరిగే టైం యాడిది? స్టేజీ మీద దర్శనం చేసుకుంటడు, ఫొటో దిగుతడు, తన చేతులతోనే ఇడుస్తడు. నువ్వు ఉస్తాదువంట గద!”

“మా తమ్ముడు గిదే పని జేసిండు సార్.”

“ఆయన పైసలకు పట్టిండు. మనది సంరక్షణ. ఫికర్ చెయ్యకు.”

“బంక వడ్డ రెక్క మళ్ల లేవది. ఇడిసినా స్టేజీ దాటది.”

“ఫొటోల లేస్తె చాలన్న. సారు నారాజైతె ప్రాజెక్టే ఉండది, నీ కొలువు యాడుంటది?”

రాజమల్లు ఒక్కొక్క గుండీ విప్పి చొక్కా తీశాడు. బొమ్మ పైకి వచ్చేలా మడిచి, పంజరంలో పెట్టి గడియ వేశాడు.

“పిట్ట గావాలంటివి గద, తీస్కపో సార్. దీన్ని ఎన్నిసార్లు ఇడిసినా సావది.”

ఉదయ్ నవ్వబోయి ఆగాడు. పంజరం జీపులోకి విసిరి, ఫోను చెవికి ఆనించుకుంటూ వెళ్లిపోయాడు.

బనీను మీద ఎండ చురుక్కుమంది. కరెంటు తీగ మీద పాలపిట్ట గరగరమంది. రాజమల్లు తలెత్తలేదు. గట్టు మీది జమ్మి నుంచి గుప్పెడు ఆకు తెంపాడు. చిన్నవాళ్లు పెద్దలకు జమ్మి ఇవ్వాలి. అన్న తమ్ముడి గడపకు జమ్మి మోసుకుపోవడం ఆ వాడలో ఎవరూ ఎరుగరు.

ఎల్లస్వామి తలుపు సగం తెరిచే ఉంది. రాజమల్లు వాకిట్లోకి రాగానే లోపలి నుంచి ఎవరో దాన్ని మెల్లగా దగ్గరికి వేశారు. గడియ మాత్రం పడలేదు. రాజమల్లు జమ్మి ఉన్న పిడికిలి విప్పకుండా అక్కడే నిలబడ్డాడు.