సహాయకురాలి సెలవు

మామగారికి కమలా తొనల మీది ఈనెలు కూడా తీసి పెట్టాలి, లేకపోతే గొంతుకు అడ్డం పడతాయి. బ్యాంకాక్ నదిలో పడవ సాగుతోంది. గుడి శిఖరాలు మెరుస్తున్నాయని అందరూ అరుస్తుంటే వినార్తి తలెత్తింది. "ముందు ఆయన మూతి తుడువు," అంది అత్తగారు. తుడిచి చూసేసరికి వంతెన అడ్డొచ్చింది.

ఇండోనేషియాలోని మలాంగ్ వదిలి దేశం దాటడం నలభై ఆరేళ్లలో ఇదే మొదలు. భర్త హెరుతోమోకి కంపెనీ ఇచ్చిన బహుమతి ఈ ఐదు రోజుల ప్రయాణం. వచ్చి రెండు రోజులైంది. నిన్న గుడి మెట్లు అందరూ ఎక్కితే, ఆమె చక్రాల కుర్చీ పట్టుకుని కింద నిలబడింది. "ఫోటోలు చూపిస్తాలే," అన్నాడు భర్త. చూపించాడు కూడా. అయినా ఆమెకు సంతోషంగానే ఉంది. పొద్దున్నే పొయ్యి వెలిగించక్కర్లేదు, అంతకన్నా ఏం కావాలి అనుకుంది.

మధ్యాహ్నం రేవు పక్క హోటల్లో బల్లల మీద పేర్ల కార్డులు పెట్టారు. భర్త బల్ల మీద మూడే ఉన్నాయి. ఆమె కార్డు వంటింటి గుమ్మం పక్కన, డ్రైవర్ల బల్ల మీద ఉంది. పేరు కింద 'సహాయకురాలు' అని రాసి ఉంది.

పొరపాటు జరిగిందని చెప్పడానికి ఆమె భర్త దగ్గరికి వెళ్లింది. అక్కడ మేనేజరు భార్య ఎండాహ్ అడుగుతోంది. "పెద్దాయన్ని ఎంత ఓపిగ్గా చూసుకుంటోందండీ! ఎక్కడ దొరికింది మీకు?"

హెరుతోమో నవ్వాడు. "మా ఊరి మనిషేనండీ."

వినార్తి చేతిలోని కార్డు మళ్లీ చదివింది. ఇరవై రెండేళ్ల కాపురం, ఇద్దరు పిల్లలు. మామగారిని చూసుకునేవాళ్లు లేరని ఒక్క ఆఫీసు విందుకీ వెళ్లలేదు గనక ఆమె మొహం వాళ్లెవరికీ తెలియదు. నెల క్రితం వంటింట్లో సోయా టెంపే ముక్కలు వేయిస్తుంటే "ఇక్కడో సంతకం పెట్టు" అన్నాడు. నూనె చేత్తోనే పెట్టింది. చదవలేదు. ఆయన కాగితాలు ఎప్పుడు చదివింది గనక?

భర్త ఆమెను పక్కకు లాగాడు. "నాతో పాటు ఇద్దరికే ఉచితం. నడవలేనివాళ్లుంటే అదనంగా ఒక సహాయకురాలికీ ఉచితం. కాగితం మీద మాటే కదా! లేకపోతే నువ్వు ఇక్కడికి వచ్చేదానివా?"

"మరి ఆవిడతో అలా అన్నారేం?"

"నిజం చెబితే నా పరువేం కాను?"

అత్తగారు కలగజేసుకుంది. "దీనికింత రాద్ధాంతమా? నీకు కొత్త పనేం చెప్పలేదుగా!"

నిజమే, చెప్పలేదు. ఆ నిజమే ఆమెకు గుండెల్లో గుచ్చుకుంది.

వెళ్లి డ్రైవర్ల బల్ల దగ్గర కూర్చుంది. వాళ్లు జరిగి చోటిచ్చారు. ఎవరో ఆమె పళ్లెంలోనే ముందుగా చేపముక్క వేశారు. తనకు ముందు వడ్డించినవాళ్లెవరైనా ఉన్నారా అని ఆలోచిస్తే, ఆమెకు అమ్మ తప్ప ఎవరూ గుర్తురాలేదు.

దారి చూపే రోహానీ థాయిలాండ్ దక్షిణపు పల్లె పిల్ల, వీళ్ల భాష బాగానే మాట్లాడుతుంది. "అక్కా, రేపు ఎక్కడికి వెళ్తున్నారు?" అని అడిగింది.

"వాళ్లెక్కడికంటే అక్కడికే."

"రేపు మీకు సెలవు కదా! సహాయకులకి ఒక రోజు పూర్తి సెలవు. మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది."

వినార్తి ఆ కాగితం తెప్పించుకుని రెండుసార్లు చదివింది. సెలవు. ఆ మాటని తన పేరు పక్కన ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున ఆమె పూల బట్టలు కట్టుకుని, పాస్‌పోర్టు సంచిలో వేసుకుని కిందికి దిగింది. హాలంతా కంపెనీవాళ్లే. హెరుతోమో చెమటలు కక్కుతూ తండ్రి కుర్చీ తోసుకొచ్చాడు.

"నాన్నకి స్నానం చేయించలేదేం? ఎక్కడికి బయల్దేరావు?"

"ఈరోజు నాకు సెలవండీ."

"సెలవేంటి? పిచ్చెక్కిందా?" అతను గొంతు చించుకుని అరిచాడు. "నువ్వు నా పెళ్లానివి!"

హాలంతా ఇటు తిరిగింది. ఎండాహ్ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. అరిచింది తనేనా అన్నట్టు హెరుతోమో అందరి మొహాల్లోకీ చూశాడు.

నిన్న ఆ ఒక్క మాట అని ఉంటే, ఆమె బతుకంతా ఆ కుర్చీ తోసేదే. ఇప్పుడు ఆ మాట ఎవరి గురించో అన్నట్టు వినిపించింది.

"మామయ్యకి నీళ్లు మరీ వేడిగా పొయ్యకండి," అని చెప్పి, వినార్తి తలుపు తోసుకుని వీధిలోకి వెళ్లిపోయింది.