హాజరు పట్టీ

గోడకు అంటించిన నోటీసు కింద ఆ పిల్ల తన తల్లి సంతకం చూసింది. వంకరటింకరగా, చివరి అక్షరం గీత దాటి కిందికి జారిన సంతకం. అలా రాయడం తల్లికి నేర్పింది తనే. పైన అచ్చులో ఉన్న మాటలు మాత్రం తల్లివి కావు. ‘యూనివర్సిటీ వెనక వరస ఇళ్లలో ఉంటున్న మేము, అంతర్జాతీయ అభివృద్ధి అధ్యయన కేంద్రం కట్టడానికి మా ఇళ్లు ఖాళీ చేసేందుకు సంతోషంగా ఒప్పుకుంటున్నాం.’ కింద నూట పన్నెండు సంతకాలు. గడువు పది రోజులు.

సంతోషంగానట. కొంప కూలుస్తుంటే సంతోషపడేవాళ్లు ఏ దేశంలో ఉంటారో ఆ అంతర్జాతీయ పండితులే చెప్పాలి.

ఆ పిల్ల చదివేదీ ఆ చదువే, అంతర్జాతీయ రాజకీయాలు, అభివృద్ధి. తల్లి ఊడ్చేదీ ఆ విభాగమే. పాఠం చెప్పే సారు నోరు తెరిస్తే చాలు ఆ పిల్ల రాసేసుకునేది కాబట్టి క్లాసులో అందరూ ఆమెను ‘నోట్సు’ అనేవాళ్లు. సారుకేమో ‘అభివృద్ధి సారు’ అని పేరు. పేదరికం గురించి మాట్లాడటానికి ఇరవై దేశాలు విమానంలో తిరిగొచ్చిన ఆయన, తన గది తుడిచే మనిషి ఎక్కడుంటుందో ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. ప్రజల భాగస్వామ్యం లేనిది అభివృద్ధే కాదని బల్ల గుద్ది చెప్పేవాడు. బల్లకేం, పాపం, ఎంత గుద్దినా పడి ఉంటుంది.

రెండు నెలల కింద ఫీల్డ్‌వర్క్ అని విద్యార్థులను ఆ వరస ఇళ్లకు తోలాడు. ఇంటింటికీ వెళ్లి నీళ్లు, కరెంటు, జబ్బుల సంగతులు అడగాలి. తర్వాత అందరినీ కూర్చోబెట్టి టీ, బిస్కెట్లు ఇచ్చి హాజరు పట్టీ మీద సంతకాలు తీసుకోవాలి. పట్టీ పైభాగం ఖాళీగా ఉంచమన్నాడు. తేదీ, విషయం ఆఫీసులో నింపుకుంటారట, ఫీల్డ్‌లో అదే పద్ధతట. నోట్సు ఆ మాట కూడా రాసుకుంది. వేలిముద్ర వేస్తే చూసినవాళ్లు నవ్వుతారని తల్లి సిగ్గుపడితే, పాత నోటుబుక్కులో పేజీ నిండా రాయించి మరీ సంతకం నేర్పింది. ఆ రోజు తల్లి ముఖం ఎంత వెలిగిపోయిందో!

నోటీసు సంగతి తెలిసి పంపు దగ్గర జనం పోగయ్యారు.

“నీ చదువు మా కొంప ముంచిందే,” అన్నాడు తాపీమేస్త్రి. “మా చేతికి పెన్ను ఇచ్చింది నువ్వే కదా.”

“నేనే, బాబాయ్. పైన ఖాళీ ఎందుకని అడగలేదు. అడిగితే మార్కులు పోతాయని భయపడ్డా.”

“సారు కాళ్లు పట్టుకుందాం,” అన్నాడు హాస్టల్ వంటాయన. “మంచాయన. నన్నెప్పుడూ మీరు అనే అంటాడు.”

“మీరు అంటూనే నీ గోడ పడగొడతాడు,” అంది తోటపని చేసే అత్త. “మర్యాదకేం లోటు చెయ్యడులే.”

తల్లి ముందుకొచ్చింది. “ఎల్లుండి వాళ్ల సెమినారు. ఐదు దేశాలవాళ్లు వస్తున్నారని ఆ హాలు నాలుగుసార్లు తుడిపించారు. స్టేజీ మీద ఒక కుర్చీకి చీటీ అంటించారు. ఏంటదని గుమాస్తాని అడిగా. స్థానిక ప్రజల ప్రతినిధి అట. అందులో కూర్చునేది ఎవరో తెలుసా? బిల్డింగ్ కాంట్రాక్టర్ బామ్మర్ది.”

జనం నవ్వారు. ఆ నవ్వులో కడుపుమంట ఉంది.

“పట్టీలో సంతకాలు మనవి, కుర్చీ వాడిదా? మనమే హాజరవుదాం పదండి,” అంది తల్లి.

సెమినారు రోజున పనిబట్టలతోనే కదిలారు. తలుపు దగ్గర ఆపాల్సిన గార్డుది ఎనిమిదో ఇల్లు. అతను తలుపు బార్లా తెరిచి, వాళ్ల వెనకే తనూ లోపలికి వచ్చాడు. తెర మీద ‘నూటికి నూరు శాతం ప్రజల సమ్మతి’ అని పెద్ద అక్షరాలు. అభివృద్ధి సారు వాళ్లను చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకముందే “మేం ఎవర్నీ బలవంతపెట్టలేదు,” అన్నాడు. ఆ వెంటనే తేరుకుని పళ్లికిలించాడు.

“అమ్మా, ఇది మేధావుల సభ. మీ సమస్యలు తర్వాత మాట్లాడుకుందాం. టీ తాగి వెళ్లండి.”

“మీ టీ ఒకసారి తాగాం సార్,” అంది తల్లి. “ఆ రుచి ఇంకా నోట్లోంచి పోలేదు.”

నోట్సు మైకు దగ్గరికి నడిచింది. చేతిలో గోడ మీంచి పీకిన నోటీసు, సంతకాల రోజు తను తీసిపెట్టుకున్న పట్టీ కాపీలు. సారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “నెలలో డిగ్రీ చేతికొస్తుంది. విదేశీ స్కాలర్‌షిప్‌కి నీ పేరు పంపింది నేనే. మీ అమ్మకు ఈ పిచ్చి ఎందుకు? కూర్చో.” సారు మాట ఆమె రాసుకోకపోవడం అదే మొదటిసారి.

“ఈ సంతకాల్లో సగం నేనే తీసుకున్నా,” అంది మైకులో. “అప్పుడు పైన ఒక్క అక్షరం లేదు. ఇది ఒప్పందం కాదు, హాజరు పట్టీ. అందుకే ఇప్పుడు హాజరు తీసుకుంటున్నా.”

మొదటి పేరు చదివింది. తాపీమేస్త్రి లేచాడు.

“ఉన్నాను. పోను.”

రెండోది వంటాయనది. “ఉన్నాను సార్. పోను.” సార్ అన్నది అలవాటుగా వచ్చింది, అంతే. తోటపని అత్త లేచింది. గార్డు లేచాడు. వెనక వరసలో నోట్సుతో చదివేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేచి నిలబడ్డారు. “మేం తీసుకున్న పట్టీలూ ఖాళీవే,” అన్నారు. సారు ఫోను తీసి పోలీసులను పిలిచాడు. భాగస్వామ్యం ఎక్కువైంది కాబోలు.

నలభయ్యో పేరు దగ్గర పోలీసులు వచ్చి ఆ పిల్లను రెండు రెక్కలూ పట్టి లాగారు. కాగితాలు కింద పడ్డాయి. తల్లి వంగి ఏరుకుంది. అన్ని కాగితాల్లోనూ ఆమె చదవగలిగేది ఒకే ఒక్క పేరు. వేలు పెట్టి వరసంతా వెతికింది. హాలంతా ఆగి చూస్తోంది. చివరికి దొరికింది. తన పేరు తనే కూడబలుక్కుని గట్టిగా చదివింది.

“ఉన్నాను,” అంది. “పోను.”

కాగితాలు కూతురి క్లాసు పిల్లకు అందించింది. బయట వ్యాను ఎక్కుతున్న నోట్సుకు తర్వాతి పేరు వినపడింది. పట్టీలో ఇంకా డెబ్భై మంది ఉన్నారు.