ఏడు గాలుల వంటవాడు

విజయనగరం నుంచి పొద్దున్న బయల్దేరే పాసింజరులో, వెనక నుంచి మూడో బోగీలో, ఒక రూలు ఉంది. సీటు దొరికినవాళ్లు ముందు తాము చదువుతున్న నవల పేరు చెప్పాలి. తర్వాత పేజీ నంబరు చెప్పాలి. కథ ఆ తర్వాతే. చదివిన పేజీ దాటి ఒక్క ముక్క కూడా ముందుకు చెప్పకూడదు.

రూలు పెట్టింది దాలయ్య. ఆమదాలవలస కరెంటాఫీసులో గుమాస్తా. ఆయన చదివేవన్నీ గొప్ప నవలలే, కాకపోతే వాటిలో ఏమీ జరగదు. ఇప్పుడు చదువుతున్నదాంట్లో ఒకాయన పెంకులు సర్దుదామని ఇంటి కప్పెక్కి నూట నలభై పేజీలైంది. ఇంకా దిగలేదు.

"ఏటి సేస్తన్నాడక్కడ?" అని అడిగింది జగ్గమ్మ.

"ఆలోసిస్తన్నాడు."

"కిందకి దిగి ఆలోసించుకోకూడదేటి?"

"దిగిపోతే ఇంక నవలేటుంతాదే?"

జగ్గమ్మ నెల్లిమర్లలో ఎక్కుతుంది, సిగడాంలో దిగుతుంది. అక్కడ అంగన్వాడీలో ఆయా. తను పుస్తకం పట్టదు గానీ, రైల్లో విన్నదంతా పది గంటలకల్లా అంగన్వాడీ పిల్లలకి చేరవేస్తుంది. మూడో మనిషి శైలజ. శ్రీకాకుళంలో రిజిస్ట్రారాఫీసులో ఉద్యోగం. ఫోన్లో ఎప్పుడూ రెండు నవలలు నడుస్తుంటాయి, ఒకటి ఏడవడానికి, ఒకటి ఎగరడానికి అంటుంది.

అయిదేళ్లుగా ఆ బోగీకి అసలు కథకుడు మాత్రం ఉదయభాస్కర్ మాస్టారు. పొందూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఏడాదిగా ఆయన చెబుతున్నది 'ఏడు గాలుల కోట'. నాలుగు సంపుటాల జానపద నవల. కుమ్మరి ఇంటి పిల్ల వైఖరి, ఏడు కుండల్లో ఏడు గాలుల్ని బంధించి కొండ మీది కోటకి మోసుకుపోతుంటుంది. వెంట సింగన్న అనే ముసలి వంటవాడు. దారి పొడుగునా అడుగులు లెక్కపెడతాడు. తను వండిన పులుసే తను నోట్లో వేసుకుని, చింతపండు ఎక్కువైందని ఎవరినో తిడతాడు. సింగన్న నోరు విప్పాడంటే జగ్గమ్మ నవ్వు పట్టలేక సీటులో ఒక చోట కూర్చోలేదు.

ఇప్పుడు ఆ కథ రెండో సంపుటం నూట పద్దెనిమిదో పేజీలో ఆగి ఉంది. వైఖరి, సింగన్న, ఏడు కుండలు ఒక పడవలో నది మధ్య ఉన్నారు. నెల రోజుల పైనుంచీ అక్కడే ఉన్నారు.

ఎందుకు ఆగిందో ముగ్గురికీ తెలుసు, ఎవరూ అనలేదు. మాస్టారి భార్య అలివేలుమంగ పోయి రెండు నెలలైంది. సెలవు ముగించుకుని ఆయన మళ్లీ రైలెక్కిన రోజు, కిటికీ పక్క సీటు ఖాళీ చేసి ఇచ్చారు. ఆ వారం ఎవరూ పుస్తకాల ఊసెత్తలేదు. ఆపై సోమవారం ఆయనే గొంతు సవరించుకుని, "ఏడు గాలుల కోట, రెండో సంపుటం, నూట పద్దెనిమిది," అన్నారు. అప్పటినుంచీ రోజూ అదే నంబరు. కథ మాత్రం చిటికెడు చిటికెడు కదులుతూనే ఉంది. ఒక రోజు నీళ్ల రంగు చెప్పారు. ఒక రోజు పడవ తాడు చెప్పారు. ఒక రోజంతా ఒక కొంగ ఎగిరింది.

వాళ్లకి తెలియనిది ఒకటుంది. మాస్టారు ఆ నవల చదవలేదు. ఈ అయిదేళ్లలో ఏ నవలా చదవలేదు.

చదివేది అలివేలుమంగ. మధ్యాహ్నాలు చదివి, రాత్రి భోజనాల దగ్గర చెప్పేది. ఆ బోగీలో మొదటిసారి కూర్చున్నప్పుడు దాలయ్య, "మేస్టారు ఏటి సదువుతన్నారో?" అని అడిగాడు. బడిపంతులై ఉండి ఏమీ లేదనడానికి నామోషీ వేసి, ముందు రోజు రాత్రి విన్నది చెప్పేశారు. మర్నాడు పొద్దున్న ఆమె పెట్టిన గుర్తు దగ్గర పేజీ నంబరు చూసుకుని బయల్దేరారు. లెక్కల మనిషి గనక నంబరు దగ్గర అబద్ధమాడలేకపోయారు. ఆ తర్వాత నిజం చెప్పడానికి వీలున్న రోజు ఒక్కటీ రాలేదు.

ఆవిడకి ఇదంతా తెలుసు. సాయంత్రం ఆయన చెప్పులు విడవకముందే అడిగేది. "రైల్లో ఏమన్నారు?"

"జగ్గమ్మ నవ్వింది."

"ఎక్కడ?"

"పులుసు దగ్గర."

"ఊఁ," అని కంచాలు పెట్టడానికి వెళ్లేది.

ఆసుపత్రిలో చివరి సాయంత్రం కూడా చెప్పింది. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్నే ఆయన ఇప్పుడు పొదుపుగా వాడుకుంటున్నారు. ఇంకా రెండు మూడు వాక్యాలు మిగిలాయి. అవీ చెప్పేస్తే ఆమె చెప్పినదంతా అయిపోతుంది. చెప్పకపోతే బోగీలో ముగ్గురు మనుషులు రోజూ తనకోసం ఓపిక పట్టాలి. రెండూ ఆయనకి ఇష్టం లేదు.

ఓపిక ముందు పోయింది జగ్గమ్మకే. శుక్రవారం నాడు సంచీ ఒళ్లో పెట్టుకుని తిన్నగా అడిగేసింది.

"మేస్టారూ, కోప్పడకండి. ఆ పడవ ఎప్పుడు కదుల్తాది?"

"ఒసే జగ్గమ్మా," అన్నాడు దాలయ్య.

"నువ్వుండు బావా. నా కట్టం నీకేటి తెలుసు. మా పిల్లలు గోడంతా పడవలే గీసేసినారు. సూపర్వైజరు వచ్చి ఇదేటి, రేవా, అంగన్వాడీయా అన్నాది. సోమారానికి ఆ పిల్ల ఒడ్డెక్కకపోతే గుడ్డు తినం అని కూకున్నారు. ఇరవై రెండు గుడ్లు, ఏటి సేసుకోను?"

శైలజ కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. మాస్టారు నవ్వలేదు గానీ, "సోమవారం ఎక్కిస్తాను," అన్నారు. మాటిచ్చాక గానీ తెలియలేదు ఏం ఒప్పుకున్నారో.

శనివారం సాయంత్రం బడి నుంచి వచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని, పుస్తకం తెచ్చుకున్నారు. ఆమె గుర్తుగా పెట్టుకున్న జడపిన్ను నూట పద్దెనిమిది దగ్గరే ఉంది. వైఖరి నది దాటడం చదివి, దాన్నే సోమవారం చెబుదామని ఆలోచన.

నూట పద్దెనిమిదో పేజీలో రాతి వంతెన ఉంది. వైఖరి ఆ వంతెన మీద నడిచి ఏనాడో దాటేసింది. పడవ లేదు.

సంపుటం పొరపాటేమోనని అట్ట చూశారు. పొరపాటు లేదు. వెనక్కి తిప్పి సింగన్న కోసం వెతికారు. జవాబు పత్రాలు దిద్దే అలవాటు కొద్దీ వేలు పెట్టి వరస వరసా చూశారు. దొరకలేదు. లోపలికి వెళ్లి మొదటి సంపుటం తెచ్చి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. ఆదివారం కాఫీ తాగుతూ చదివారు, పెరుగన్నం తింటూ చదివారు. మధ్యాహ్నం మూడింటికల్లా రెండో సంపుటం నూట పద్దెనిమిదికి చేరుకున్నారు.

నవలలో వంటవాడు లేడు. వైఖరి మొదటి నుంచీ ఒక్కర్తే నడుస్తోంది. మంచి నవలే, గంభీరంగా ఉంది. పులుసన్న మాట ఎక్కడా లేదు.

మాస్టారు పుస్తకం మూశారు. దారిలో సింగన్న ఒక కొండ మెట్లు ఎక్కుతూ మూడు వందల పన్నెండు లెక్కపెట్టి, కాపలావాడితో తగువు పడ్డ ఘట్టం గుర్తొచ్చింది. రెండు మెట్లు తక్కువున్నాయి, ఎవరు తీసుకుపోయారని తగువు. రామతీర్థం కొండెక్కినప్పుడు ఆయనా అదే అడిగారు. పూజారిని అడిగారు. అలివేలుమంగ పక్కనే నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక చింతపండు సంగతి. అది ఆయన పెళ్లయిన మూడో రోజు నుంచీ అంటున్న మాటే. చీకట్లో అడవి దాటుతూ భయమేసి, భయం కాదు చలి అని సింగన్న దబాయించడం, అది మాత్రం ఎక్కడిదో వెంటనే తెలియలేదు. తర్వాత తెలిసింది. ఆసుపత్రి స్కానింగు గది బయట ఆయన అన్నదే.

ఏడాది పాటు ఆవిడ ఆయన్నే సింగన్నగా చేసి ఆయనకి వడ్డించింది. ఆయన దాన్ని మోసుకెళ్లి రైల్లో పంచిపెట్టి, ఎవరెక్కడ నవ్వారో తెచ్చి ఆవిడకే చెప్పారు.

మాస్టారికి నవ్వొచ్చింది. రెండు నెలల్లో అదే మొదటిసారి. చెబుదామని వంటింటి వైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగి కూర్చున్నారు.

సోమవారం రైలు నెల్లిమర్ల దాటింది. జగ్గమ్మ కూర్చుని సర్దుకున్నాక మాస్టారు మొదలుపెట్టారు.

"కథకి ముందు ఒక మాట చెప్పాలి. ఈ నవల నేను చదవలేదు. నిన్న చదివాను. అయిదేళ్లుగా ఏదీ చదవలేదు. మా ఆవిడ చదివి చెప్పేది. నేను ఇక్కడ అప్పజెప్పేవాణ్ని."

ఆయన తలొంచుకుని మిగతాది కూడా చెప్పేశారు.

"ఇంకోటి. సింగన్న పుస్తకంలో లేడు."

"తెలుసు సార్," అంది శైలజ.

మాస్టారు తలెత్తారు.

"వర్షాకాలంలోనే ఫోన్లో చదివేశాను సార్. వంటవాడు ఎప్పుడొస్తాడా అని చూసి చూసి, నాలుగు సంపుటాలూ అయిపోయాయి."

"మరి ఒక్కనాడూ చెప్పలేదేం?"

"రూలుంది కదా సార్. మీరున్న పేజీ దాటి చెప్పకూడదు. వంటవాడు లేడన్న సంగతి ఏ పేజీ కిందకొస్తుందో నాకు తెలీలేదు."

"దాంట్లో పాయింటున్నాది," అన్నాడు దాలయ్య సీరియస్‌గా. తర్వాత మాస్టారి వైపు వంగాడు. "మేస్టారూ, తమరేటీ అనుకోకపోతే ఒకటి సెప్తాను. ఆ సింగన్న తమరేనని మాకెప్పుడో తెలుసు. మొన్న టీ బాగోలేదని తమరు తిట్టింది ఎవుల్ని? ఫ్లాస్కు తమరిది, టీ తమరు పెట్టింది. తమర్ని తమరే ఎక్కిరించుకుంతన్నారు, పెద్ద మనసు అనుకున్నాం."

"నేను కాదు. నాకు నిన్నే తెలిసింది."

ఆ మాటకి దాలయ్య ఆగలేకపోయాడు. శైలజ కూడా నవ్వేసింది. మాస్టారు కాసేపు వాళ్లని చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

జగ్గమ్మ మాత్రం నవ్వలేదు. "అయితే ఇన్నాళ్లూ మాకు సెప్పింది ఆ తల్లన్నమాట," అంది. "నాను ఒక్కసారైనా సూసినాను కాదు."

"నువ్వెక్కడ నవ్వావో రోజూ అడిగేది," అన్నారు మాస్టారు.

జగ్గమ్మ సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. గరివిడి వచ్చింది, వెళ్లింది. చీపురుపల్లిలో జనం ఎక్కి, తోసుకుని, సర్దుకున్నారు. రైలు కదిలాక మాస్టారు మిగిలిన వాక్యాలు చెప్పారు. ఏదీ కలపకుండా, ఏదీ తీయకుండా, ఆమె చెప్పినట్టే.

"నది మధ్యలో పడవ ఆగిపోయింది. గాలి లేదు. వైఖరి కుండల వైపు చూసింది." కొంచెం ఆగారు. "అక్కడ మా ఆవిడ మంచినీళ్లు అడిగింది. నీళ్లు తాగి, రేపు చెబుతాను అంది. అంతే."

ముందు తేరుకున్నది జగ్గమ్మే.

"అవునుగానీ బాబూ, సిగడాం వచ్చేస్తన్నాది. ఆ పిల్లని నీల్ల మీద ఒగ్గీసి నాను దిగలేను. తమరు మాటిచ్చినారు."

"ఒక కుండ పగలగొడితే సరి," అంది శైలజ. "గాలి బయటికొస్తుంది, పడవ పోతుంది."

"ఏడు కుండలూ కోటకి సేరాలి గదమ్మా. ఇన్నాళ్లు మోసి పగలగొట్టీడమేనా?"

"ఉండనీండి," అన్నాడు దాలయ్య. "నది మధ్య, గాలి లేదు, ఇద్దరు మనుసులు. గొప్ప ఘట్టం. అరవై పేజీలు కదపక్కర్లేదు."

"నీ పెంకులాయన్ని తెచ్చి ఈ పడవలో కూకోబెట్టకు బావా, నీకు దణ్ణం."

ముగ్గురూ మాస్టారి వైపు చూశారు. ఆయన జీవితంలో ఎన్నడూ ఒక్క వాక్యం కల్పించలేదు. లెక్కల పుస్తకంలో లేని లెక్క కూడా పిల్లలకి ఇవ్వలేదు. కిటికీలోంచి పొలాల వైపు చూస్తే సిగడాం ఇక ఎంతో దూరం లేదని తెలుస్తోంది.

"సింగన్న లేచాడు," అన్నారు.

జగ్గమ్మ ముందుకి జరిగింది.

"పడవ ఊగింది. కూర్చోమని వైఖరి అరిచింది. వినలేదు. సామాన్ల మూటలోంచి అన్నం గరిట తీశాడు, పెద్దది, పెళ్లిళ్లలో వాడేది. పడవ అంచున కూర్చుని, గరిటతో నీళ్లు వెనక్కి తోయడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు."

"లెక్కెడతన్నాడు," అన్నాడు దాలయ్య.

"పెడతాడు మరి. గరిటతో ఎప్పటికి చేరతామని వైఖరి అడిగింది. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటి నుంచి తోయాల్సొస్తుంది అన్నాడు. ఆ పిల్ల నోరు మూసుకుంది. ఎండ నెత్తి మీదికొచ్చింది, దిగింది. నాలుగు వందల పదకొండో తోపుకి పడవ ఇసకలో గుచ్చుకుంది. సింగన్న ముందు దిగి, పిల్లకి చెయ్యి ఇచ్చి ఒడ్డెక్కించాడు. కుండలు ఒక్కొక్కటీ దింపాడు. అప్పుడడిగింది వైఖరి. తాతా, భయమేసిందా అని."

"ఏటన్నాడు?" జగ్గమ్మ లేచి నిలబడింది. రైలు నెమ్మదించింది.

"నాకెందుకు భయం, చింతపండు తడిసిపోతుందని గానీ, అన్నాడు."

జగ్గమ్మ నవ్వుకుంటూనే తలుపు దగ్గరకి వెళ్లింది. దిగి, ప్లాట్‌ఫారం మీద నడుస్తూ కిటికీ దగ్గరకి వచ్చి చువ్వ పట్టుకుంది.

"ఎన్ని తోపులన్నారు బాబూ? పిల్లలడుగుతారు."

"నాలుగు వందల పదకొండు."

"నాలుగొందల పదకొండు," అని పైకే అనుకుంటూ ఆవిడ గేటు వైపు వెళ్లిపోయింది.

రైలు కదిలాక, "రేపేం జరుగుతుంది సార్?" అని అడిగింది శైలజ.

"నాకూ తెలీదమ్మా," అన్నారు మాస్టారు.

పొందూరులో దిగి బడికి నడుస్తున్నారు. రోజూ స్టేషను నుంచి బడి గేటు దాకా అడుగులు లెక్కపెట్టడం ఆయనకి అలవాటు. ఆవేళ సగం దారిలో లెక్క తప్పింది. అవతలి ఒడ్డున పొయ్యి రాజేయడానికి ఎండు పుల్లలు దొరుకుతాయా, దొరికితే సింగన్న ముందు ఏం వండుతాడు, దాని మీద వైఖరి ఏమంటుంది అని ఆలోచిస్తూ, ఆయన బడి గేటు దాటి నాలుగు ఇళ్లు ముందుకి వెళ్లిపోయారు.