వేలు దూరని దారం

ఆదివారం పొద్దున మౌలాలి గుట్ట మీద మబ్బు పట్టి ఉంది. కురవదు, పోదు. సుకన్య పప్పు కడుగుతోంది కానీ చెవులు పక్క గదిలో ఉన్నాయి. అక్కడ అత్త లచ్చమ్మ మనవరాలి నడుముకున్న నల్లదారం కింద వేలు దూర్చి చూస్తోంది. పేరుకు దిష్టి దారం. వేలు దూరితే పిల్ల తగ్గినట్టు. ప్రతి ఆదివారం ఇదే పరీక్ష.

"వేలు పోతనే లేదు సుకన్యా! ఏం పెడుతున్నవే దీనికి?"

లాస్య పదో తరగతి. ఈ మధ్య టిఫిన్ డబ్బా తీసుకెళ్లినట్టే తిరిగొస్తోంది. అడిగితే "ఆకలైతలేదు మమ్మీ" అంటుంది. ఆ మాట సుకన్యకు కొత్త కాదు. కాన్పు తర్వాత అత్త తన నడుముకూ దారం కట్టింది. చుట్టాల్లో భర్త రాఘవేందర్ "మా ఇంట్ల సిలిండర్లు రెండు. ఒకటి నడుస్తది" అంటే అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ పూట అందరికీ వడ్డించి, నీళ్లు తాగి, ఆకలి లేదని చెప్పి పడుకుంది. ఇప్పుడు అదే మాట, అదే గొంతుతో, కూతురు అంటోంది.

"నడువ్, గుట్ట ఎక్కిస్త. చెమట పడితెనే కొవ్వు కరుగుతది," అన్నాడు రాఘవేందర్ కూతురితో. సుకన్య మనసాగక వెంట వెళ్లింది.

లాస్య మెట్ల మీద పరుగందుకుంది. పరుగు పందెంలో దాన్ని దాటినవాళ్లు బడిలో లేరు. "నీ దమ్ము గట్టిదమ్మా" అని పీఈటీ సార్ మెచ్చుకున్నాడని చెబితే ఇంట్లో ఎవరూ తలెత్తలేదు. పుల్లలా ఉండే రాఘవేందర్ సగం మెట్లకే కూలబడి రొప్పుతున్నాడు.

"రా డాడీ!" పైనుంచి పిల్ల పిలిచింది. గొంతులో ఆయాసం లేదు.

"ఎక్కితే... ఏమాయె? చూస్తే... గట్లనే ఉన్నది," అన్నాడు.

లాస్య విన్నది. దిగుతూ దిగుతూ గోడ పట్టుకుంది. సుకన్య అందుకునేసరికి పిల్ల చేయి చల్లబడిపోయి ఉంది.

"రాత్రి తిన్నవా?"

లేదన్నట్టు తల ఊపింది.

"నిన్న పగలు?"

"నాయనమ్మ దారం చూస్తది కద మమ్మీ. వేలు పోవాలె."

ఇంటికి రాగానే సుకన్య కూరగాయల కత్తి తీసింది. ముందు తన నడుము దారం కోసుకుంది. అది ఒరుసుకుని చర్మం మీద నల్లటి చార మిగిలింది. తర్వాత కూతురిది కోసింది.

"ఏందే గిది? దారం తెంపుతరానే ఎవరన్నా?" లచ్చమ్మ లేచి నిలబడింది.

"పిల్ల ఎట్లున్నదో మీ కొడుకునడుగుండ్రి అత్తమ్మా. గుట్ట మీద చూసిండు."

రాఘవేందర్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

సుకన్య నాలుగు కంచాలు పెట్టింది. ఆ ఇంట్లో ఆమె కంచం పడేది అందరూ లేచాకే. ఈ పూట కూతురి పక్కన కూర్చుంది. అన్నం, పప్పు, నెయ్యి నలుగురికీ ఒకేలా వడ్డించింది. లాస్య మెతుకులు కెలుకుతోంది. సుకన్య దాన్ని తినమనలేదు. తన ముద్ద కలుపుకుని తాను తిన్నది. లాస్య అమ్మ కంచం వైపు కాసేపు చూసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

తర్వాత ఇంకాస్త పెట్టమన్నట్టు ఖాళీ కంచం అమ్మ ముందుకు జరిపింది.