ముక్కు మేస్త్రీ

జీపు నాలుగోసారి తిరిగొచ్చింది. తనంత తాను రాలేదు. ఇటుకల ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని, పట్టుబడ్డ దొంగలా వచ్చింది.

పశువుల డాక్టరమ్మ దిగి, తాళాలు బల్ల మీద పడేసింది. చెప్పుల నిండా బురద.

"కొండ మీద ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే నేను మూడో మలుపులో ఇరుక్కుపోయాను మేస్త్రీ. నడిచి వెళ్ళేసరికి దూడ పోయింది. తల్లి దక్కింది, అంతే. ఇదే ఆఖరు. సాయంత్రానికి బాగుచెయ్, లేదంటే ఎదురుగా ఉన్న గాజు షెడ్డుకి ఇచ్చేస్తా. ఇంజనే పీకి కొత్తది పెడతామంటున్నారు."

మేస్త్రీ వింటూనే ఉన్నాడు గానీ, చూపు జీపు మీద లేదు. మూల కూర్చుని కిరసనాయిలు పళ్ళెంలో సామాన్లు కడుగుతున్న బావమరిది మీద ఉంది. గాజు షెడ్డు మాట వినగానే వాడు తలెత్తాడా? ఎత్తలేదు. ఎత్తకపోవడమే అనుమానంగా తోచింది. ఏ పాపం తెలియనివాడైతే ఎత్తేవాడు కదా!

పెళ్ళాం తమ్ముడు. పదిహేడేళ్ళుగా ఇదే రేకుల కింద, ఇదే బల్ల దగ్గర ఇద్దరూ. కార్బరేటరు పనంటే ఊళ్ళో వీళ్ళ తర్వాతే ఎవరైనా. అలాంటివాడు రెండు వారాల కిందట గాజు షెడ్డు గుమ్మంలో నిలబడి, అక్కడి పనివాడి దగ్గర ఏదో తీసుకుని జేబులో వేసుకోవడం మేస్త్రీ టీ కొట్టులోంచి కళ్ళారా చూశాడు. ఏమిటని అడగలేదు. అడిగితే అబద్ధం చెప్తాడు, దానికన్నా ఊరకే కనిపెట్టి ఉండడం మేలనుకున్నాడు. ఆ రోజే కార్బరేటరులో వేసే జెట్ల డబ్బాకి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకున్నాడు.

డాక్టరమ్మ అటు వెళ్ళగానే మేస్త్రీ ఎప్పటిలాగే పానా ముట్టకముందు జీపు ట్యాంకు మూత తాళం తీసి, మూత తిప్పి, కన్నంలో ముక్కు పెట్టాడు. ఏ బండి వచ్చినా ముందు ఆ పని జరగాల్సిందే. ఊళ్ళో డ్రైవర్లందరూ పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు పోస్తారని ఆయన గట్టి నమ్మకం. అందుకే వాళ్ళంతా చాటున ముక్కు మేస్త్రీ అంటారు. ఆ మాట కూడా ఆయనకి తెలుసు. ఎవరెవరు అంటారో మనసులో రాసిపెట్టుకున్నాడు.

పెట్రోలు శుభ్రంగానే ఉంది. తాళం తిప్పితే నాలుగు దగ్గులు దగ్గి ఇంజను అందుకుంది. తర్వాత కుట్టుమిషనులా ఒకటే చప్పుడు.

"చూశావా! నా దగ్గరున్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. ఊరు దాటి ఇరవై నిమిషాలయ్యేసరికి దీనికేం మాయరోగం?"

"నన్నడుగుతావేంటి బావా? బండినడుగు."

"బండికి నోరు లేదు. నోరున్నోళ్ళు విప్పట్లేదు. మూడుసార్లు కార్బరేటరు దింపాను. జెట్లు ఊదాను, సూది మార్చాను, చోకు సరిచేశాను. నేను సరిగ్గా పెట్టిందాన్ని ఇంకెవరో కెలికితే తప్ప ఇలా అవదు."

"ఆ ఇంకెవరో ఎవరో?"

"ఈ షెడ్డులో ఉండేదే ఇద్దరం. నేనైతే కాదు."

బావమరిది పళ్ళెం పక్కన పెట్టాడు. గుడ్డపీలికతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. అసలే నిదానస్తుడు, ఇవాళ మరీ నిదానంగా తుడుచుకున్నాడు.

"ప్రతిసారీ నువ్వొక్కడివే నాలుగు వీధులు తిప్పి తెస్తావు. ఇవాళ నన్నూ ఎక్కించుకో. మూడో మలుపు దాకా పోదాం. నా దొంగతనం తేలితే అక్క ముందు నిలబెట్టు."

"తేలకపోతే?"

"నా పానాలు నేను సర్దుకుంటా. పదిహేడేళ్ళు చాలు బావా."

వీడు లేని షెడ్డు ఎలా ఉంటుందో ఒక్క క్షణం మేస్త్రీ కళ్ళముందు ఆడింది. అంతలోనే ఇంకో ఆలోచన దాన్ని మింగేసింది. ఓహో, పోవడానికి సాకు వెతుక్కుంటున్నాడు కాబోలు!

మూత బిగించి తాళం వేశాడు. దారి పొడుగునా మేస్త్రీ ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను పక్కవాడి చేతుల మీద వేసి నడిపాడు. ఆ చేతులు ఒళ్ళోంచి కదలలేదు. అయినా మూడో మలుపులో జీపు ఒకసారి దగ్గింది, ఎగశ్వాస పెట్టింది, ఆగిపోయింది.

మేస్త్రీ దిగి, అలవాటుగా మూత దగ్గరికి నడిచాడు.

"బావా, మూత తియ్యకు!"

"ఎందుకు తియ్యకూడదు? ఏం పోశావు అందులో?"

"పోసింది పారిపోదులే. ముందు కార్బరేటరు చూడు. ఈ ఒక్కసారికి నా మాట విను."

అనుమానిస్తూనే బానెట్ ఎత్తాడు. కార్బరేటరు తొట్టి విప్పి చూస్తే లోపల చుక్క లేదు. పెట్రోలు పంపుకున్న చేతిమీటని పది సార్లు కొట్టాడు. రాలేదు. పోయినవారమే చూసిన పంపు, దాంట్లో లోపం లేదు. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలుంది.

"ఇప్పుడు తియ్ మూత. ముక్కు కాదు, చెవి పెట్టు."

మూత వదులైందో లేదో, ట్యాంకు లోపలికి గాలి సర్రున పీల్చుకుంది. నీళ్ళలో మునిగి పైకి తేలిన మనిషి పీల్చినట్టు, అంత దీర్ఘంగా. మేస్త్రీ పరుగున వెళ్ళి మళ్ళీ మీట కొట్టాడు. మూడో దెబ్బకి పెట్రోలు వచ్చింది.

జబ్బు కార్బరేటరుది కాదు. ట్యాంకుకి ఊపిరాడట్లేదు. పెట్రోలు ఖర్చయిన కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి, రాకపోతే పంపు ఎంత లాగినా లాభం లేదు. తను వాసన కోసం మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోయి, జబ్బు తన కంట పడకుండా తప్పుకుంటోంది.

మూత తిరగేశాడు. గాలి పోవాల్సిన సన్నటి చిల్లు మీద సీసం బొట్టు నున్నగా మెరుస్తోంది. అంత పొందిగ్గా టంకం పెట్టే చెయ్యి ఊళ్ళో ఒకటే, తనది. పోయిన నెల వానల్లో కార్బరేటరులో నీళ్ళు కనిపిస్తే, ఎవడో కావాలని ఇందులోంచి పోస్తున్నాడని చిల్లు పూడ్చి, పైన తాళం కూడా బిగించాడు. వానలు తగ్గాక తీసేద్దామనుకున్నాడు. వానలు తగ్గాయి, బుర్రకి ఇంకో మబ్బు పట్టింది.

ఎలాగోలా గీకేస్తే సరి, ఎవరికీ తెలియదు. డాక్టరమ్మకి జెట్టు మూసుకుపోయిందని చెప్పొచ్చు. ఆ మాటకొస్తే వీడే పూడ్చాడని కూడా అనొచ్చు. అంతదాకా పోయింది బుద్ధి.

తలెత్తితే ఎదురుగా బావమరిది అరచెయ్యి. అందులో సూదంత డ్రిల్లు ముక్క.

"ఎక్కడిది?"

"గాజు షెడ్డులో అడిగి తెచ్చా. ఇంత సన్నది మన దగ్గర లేదుగా. నువ్వు టీ గ్లాసు పట్టుకుని నన్ను మింగేసేలా చూశావే, ఆ రోజు."

"అంటే అప్పటికే తెలుసు నీకు! తెలిసి నోరు మూసుకున్నావా?"

"నువ్వు వాసన చూసేటప్పుడు సీసం బొట్టు కనపడింది. చెప్తే ఏమనేవాడివి?"

మేస్త్రీ డ్రిల్లు ముక్క అందుకున్నాడు.

"నువ్వే పూడ్చావురా అనేవాడివి. గుట్టుగా చిల్లు పెట్టేద్దామంటే బండి ఇక్కడున్నంతసేపూ మూత తాళంచెవి నీ దగ్గరాయె. దూడ పోయిందని విన్నాక ఇక ఉండబట్టలేకపోయా. ఆ పాపంలో నాకూ వాటా ఉంది."

చిల్లు పెట్టారు. జీపు కొండ చివరిదాకా ఎక్కి, ఎక్కడా దగ్గకుండా దిగింది. షెడ్డుకొచ్చాక బావమరిది బల్ల మీద గుడ్డ పరిచి, తన పానాలు ఒక్కొక్కటే పేర్చడం మొదలుపెట్టాడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. "ఏమైందట దీనికి?"

"ట్యాంకుకి గాలి ఆడలేదమ్మా."

వెనక పానా మీద పానా పెట్టిన చప్పుడు.

"ఎందుకాడలేదు?"

"మూతలో చిల్లు పూడుకుపోయింది."

ఇంకో పానా.

"దానంతటదే పూడుకుపోయిందా?"

మేస్త్రీ ఓరగా చూశాడు. బల్ల మీద సర్దాల్సినవి ఇంక నాలుగే ఉన్నాయి.

"నేనే పూడ్చాను," అన్నాడు. "వానలప్పుడు పూడ్చి మర్చిపోయి, ఇన్నాళ్ళూ నా బావమరిదిని దొంగని చేశాను. ఆ దూడ పోవడం కూడా నా చేతి చలవే."

డాక్టరమ్మ తాళాలు తీసుకుంది. "ఆవు గలాయనకి ఈ ముక్క చెప్పగలవా?"

"చెప్తాను."

"అయితే రేపు నాతో కొండెక్కు."

పానాల చప్పుడు ఆగిపోయింది. సర్దడం అయిపోయి ఆగిందో, మానేసి ఆగిందో చూసే ధైర్యం లేక మేస్త్రీ జీపు చుట్టూ తిరిగాడు. చెయ్యి దాని మానాన అది ట్యాంకు మూత మీదికి పోయింది. గుర్తొచ్చి, వేడి సైలెన్సరు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"చూసుకో బావా, వాసన," అన్నాడు వెనక నుంచి బావమరిది. మూట ఇంకా ముడి పడలేదు. "ఇప్పుడు చిల్లుందిగా, నువ్వు చూసినా చూడకపోయినా బండి నడుస్తుంది."